ముప్పై ఏడు చీటీలు, ఒకటే దస్తూరి

పదో తరగతి జీవశాస్త్రంలో ఎనిమిదో పాఠం వచ్చేసరికి ఆ టీచరుకు గొంతు పోయేది. ఒక ఏడాది కాదు, రెండేళ్ళు కాదు, పద్నాలుగేళ్ళుగా ఇదే వరస. ఏడో పాఠం దాకా మూడు గదుల అవతలికి కూడా ఖంగుమని వినబడే గొంతు, ఎనిమిదో పాఠం పేజీ తిప్పగానే పీలగా అయిపోయేది. మెడకు మఫ్లరు చుట్టుకుని వచ్చి, ఇది మీరే చదువుకోండి, పరీక్షలో రెండు మార్కులకు మించి రాదు అని సగం మాటలతో సగం సైగలతో చెప్పి, బోర్డు మీద తొమ్మిదో పాఠం పేరు రాసేసేది. పువ్వులో పుప్పొడి ఎక్కణ్ణుంచి ఎక్కడికి చేరుతుందో గంటసేపు చెప్పగల మనిషి, మనుషుల సంగతికొచ్చేసరికి నీళ్ళు నమిలేది. అంతమాత్రాన పిల్లలు ఆ పాఠం చదవలేదనుకుంటే పొరపాటే. కొత్త పుస్తకాలు చేతికొచ్చిన సాయంత్రం మొత్తం పుస్తకంలో వాళ్ళు చదివేది ఆ ఒక్క పాఠమే. అర్థం కాక, అడగడానికి మనిషి లేక, ఒకరికి తెలియని దాన్ని ఇంకొకరికి చెప్పుకునేవాళ్ళు.

పిల్లలు ఆవిడకు పెట్టుకున్న పేరు భూతద్దం. చేతిరాతలు పట్టేయడంలో ఆవిడ తరవాతే ఎవరైనా. ఎవడు ఎవడి హోంవర్కు చూసి రాశాడన్నది చిన్న విషయం, ఎవడు తన హోంవర్కు అక్క చేత రాయించుకున్నాడో కూడా చెప్పేసేది. ఒకడు ఎడమ చేత్తో సెలవు చీటీ రాసుకుని, కింద నాన్న సంతకం పెట్టి తెస్తే, మీ నాన్నను కూడా రేపట్నుంచి నా క్లాసులో కూర్చోమను, ఇద్దరిదీ ఒకటే రాత అని పంపించింది. మరుగుదొడ్డి గోడ మీద బొగ్గుతో రాసిన మాట ముందు రెండు నిమిషాలు నిలబడి, ఆ రాసినవాడి చేతే సాయంత్రానికి సున్నం వేయించింది. ఈ విద్య చూసి ఆవిడకు లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడన్న మాట ఆవిడకు అప్పటికి ఎదురుపడలేదు.

ఆ ఏడు పై ఆఫీసు నుంచి ఒక ఆకుపచ్చ పుస్తకం వచ్చింది. దాని పేరు 'ఆగుదాం'. పది, పదకొండు తరగతుల పిల్లలకు ఎనిమిది పీరియడ్ల కార్యక్రమం. ప్రేమలూ దోమలూ చదువయ్యాకే, శరీరం సంగతి పెళ్ళయ్యాకే అన్నది సారాంశం. ఈ ఒక్క ముక్కను తొంభై ఆరు పేజీలకు సాగదీసిన పుణ్యాత్ములెవరో పుస్తకం మీద పేరు వేసుకోలేదు. ఎవరు చెప్పాలన్న మాట వచ్చినప్పుడు స్టాఫ్‌రూములో అందరూ కుక్కిన పేనుల్లా కూర్చున్నారు. లెక్కల మాస్టారు కిటికీలోంచి ఆకాశం చూశాడు. భాష చెప్పే టీచరు తన డబ్బాలో బిస్కెట్లు లెక్కపెట్టుకుంది. పెద్ద మేడమ్ నేరుగా భూతద్దం దగ్గరికి వచ్చి పుస్తకం బల్ల మీద పెట్టింది, దాని మీద గొంతు మాత్రల పొట్లం కూడా పెట్టింది. ఈసారి గొంతు పోవడానికి వీల్లేదు, ఆఖరి పీరియడుకు పై నుంచి ఆఫీసరు వస్తున్నాడు అని చెప్పి వెళ్ళిపోయింది.

టీచరుకు గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. పాఠం చెప్పడం ఒక కష్టమైతే, ఆ తరగతిలో మూడో బెంచీలో కూర్చునే పిల్ల ఆవిడ సొంత కూతురు. ఏడాది కిందటి దాకా స్కూల్లో చీమ చిటుక్కుమన్నా ఇంటికొచ్చి చెప్పిన పిల్ల, ఈ మధ్య అన్నిటికీ ఒకటే జవాబు చెబుతోంది. బాగానే ఉంది. పరీక్ష ఎలా రాశావంటే బాగానే ఉంది, స్నేహితురాలితో మాటలెందుకు లేవంటే బాగానే ఉంది. తలుపు దగ్గరికేసి ఉంటుంది, లోపల ఫోను మాట్లాడుతుంది, తల్లి అడుగుల చప్పుడు వినబడితే ఆగిపోతుంది. ప్రపంచంలో అందరి దస్తూరీ చదవగలిగిన మనిషికి సొంత కూతురి మొహం చదవడం రావడం లేదు. ఆవిడకు దిగులంతా అదే.

మొదటి ఏడు పీరియడ్లూ ఆవిడ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, తలెత్తకుండా చదివేసింది. కోరిక గుర్రం, నిగ్రహం కళ్ళెం అని చదివితే, ఆ గుర్రానికి వయసెంతుంటుంది మేడమ్ అని వెనక బెంచీ అడిగింది. చెడు ఆలోచన వస్తే వెంటనే గ్లాసుడు మంచినీళ్ళు తాగాలని ఇరవై రెండో పేజీలో ఉంది. అది చదివిన పాపానికి వారం రోజులు ఏ పీరియడులో చూసినా పిల్లలు చెయ్యెత్తి, నీళ్ళు తాగొస్తామని అడిగేవాళ్ళు. ఒకడు చెయ్యెత్తితే క్లాసంతా వాడి వంక చూసి ముసిముసిగా నవ్వేది. లెక్కల మాస్టారికి ఇదేమీ తెలియక, ఎండాకాలం తొందరగా వచ్చేసినట్టుంది అన్నాడు. ఇక ప్రతిజ్ఞ కార్డులు ఇచ్చిన రోజున, స్థిరపడేదాకా ఎవరినీ ప్రేమించనని నలభై ఒక్క మందీ ఒక్క పెట్టున సంతకాలు పెట్టేశారు. తమను ప్రేమిస్తామని ఇప్పటిదాకా ఎవరూ రాలేదు కాబట్టి చాలామందికి అందులో పోయేదేమీ కనబడలేదు.

మిగిలింది ప్రశ్నల పెట్టె. తాళం వేసిన రేకు పెట్టెను వారం పాటు వరండాలో ఉంచాలి, అడగాలనుకున్నవాళ్ళు పేరు రాయకుండా చీటీ వెయ్యాలి, ఆఖరి పీరియడులో ఆఫీసరు ఎదుట జవాబులు చెప్పాలి. ఎవరు రాశారో ఎవరికీ తెలియదు, నిర్భయంగా అడగండి అని పుస్తకంలో ఉన్న మాటే భూతద్దం చదివింది. చదివి తలెత్తితే నలభై ఒక్క జతల కళ్ళు ఆవిడ వంకే జాలిగా చూస్తున్నాయి. మొదటి నాలుగు రోజులూ పెట్టె ఖాళీగా ఉంది. అయిదో రోజున పైదాకా నిండిపోయింది.

చీటీల్లోంచి పుస్తకంలో జవాబున్నవి ఓ మూడు ఏరి, తక్కినవి చింపేసి సోమవారం తెచ్చివ్వమని పెద్ద మేడమ్ చెప్పింది. శనివారం మధ్యాహ్నం కూతురు వాలీబాల్ ప్రాక్టీసుకు వెళ్ళాక టీచరు పెట్టెను ఇంట్లో భోజనాల బల్ల మీద పెట్టింది. భర్త అటుగా వచ్చి, అదేమిటని అడిగి, జవాబు విని, స్కూటరులో పెట్రోలు లేదన్న సంగతి గుర్తొచ్చి బయటికి వెళ్ళిపోయాడు. బల్లకు ఆ చివర అత్తగారు బఠానీలు ఒలుస్తోంది. ఆవిడ ముప్పై నాలుగేళ్ళు ప్రసూతి ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఏ మాటనైనా దాని పేరు పెట్టే పిలుస్తుంది. అందుకే ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు కోడలు ఆవిడ పక్కనే కూర్చుని మాట మారుస్తూ ఉంటుంది.

టీచరు తాళం తీసింది. ఏది ఎవరిదో చూడకూడదని అనుకుంటూనే కళ్ళజోడు తుడుచుకుంది. మొదటి చీటీ విప్పింది. అది కూతురి దస్తూరి. గుండ్రంగా, కాస్త కుడివైపుకు ఒరిగి, తను పలక మీద చెయ్యి పట్టి దిద్దించిన రాతే. ముద్దు పెట్టుకుంటే కడుపొస్తుందా, మా అక్క వస్తుందంది, కానీ మా అక్కకు చాలా విషయాలు తెలియవు అని ఉంది. రెండోది విప్పింది. అదీ కూతురిదే. మూడోది, నాలుగోది, పదోది. ముప్పై ఏడు చీటీలు బల్ల మీద పరిచింది, ముప్పై ఏడూ ఒకటే దస్తూరి.

ఆవిడ మొహం పాలిపోవడం చూసి అత్తగారు బఠానీల పళ్ళెం పక్కకు జరిపి, ఒక్కొక్క చీటీ తీసుకుని దూరంగా పట్టుకుని చదివింది. చదివి, ఈ ముప్పై ఏడూ మన పిల్లే అడిగిందంటావా అంది. కోడలు చీటీల మీది రాతను వేలితో చూపించింది. అత్తగారు రెండు చీటీలు ఏరి ముందు పెట్టింది. ఒకదాంట్లో, నా గొంతు పొద్దున నాన్న గొంతులా సాయంత్రం చెల్లి గొంతులా ఉంటోంది, ఎప్పటికి ఒకదాని మీద నిలబడుతుంది అని ఉంది. రెండోదాంట్లో, క్లాసులో ఆడపిల్లలందరికీ నెలసరి వచ్చింది, నాకు ఇంకా రాలేదు, లోపల ఏమైనా పాడైందా అని ఉంది.

"మన పిల్లకి గొంతెప్పుడు పగిలిందే అమ్మాయ్? రెండేళ్ళ కిందట నెలసరి వస్తే నేనే కదా దానికి అన్నీ చెప్పింది. నువ్వు ఆ పూట గొంతు నొప్పని పడుకున్నావు."

అప్పుడు టీచరుకు అసలు సంగతి తట్టింది. పిల్లలు సమావేశం పెట్టుకున్నారు. ఎవరు రాసినా భూతద్దం పట్టేస్తుంది, ఎడమ చేత్తో రాసినా పట్టేస్తుంది. కంప్యూటరులో కొట్టిద్దామంటే ఆఫీసు గుమాస్తా చదువుతాడు. కాబట్టి అందరివీ ఒక్కళ్ళే రాయాలి. ఆ ఒక్కళ్ళు దొరికిపోతే వాళ్ళ తల్లిదండ్రులను పిలిపిస్తారు కదా, మరి ఎవరు రాస్తారు? ఎవరి తల్లిని పిలిపించాలంటే భూతద్దం తన ఇంటికి తానే కబురు పెట్టుకోవాలో, ఆ పిల్ల రాస్తుంది. టీచరుకు ఒళ్ళు మండింది, ఆ వెంటనే ఆపుకోలేనంత నవ్వొచ్చింది. పద్నాలుగేళ్ళ విద్యను పదిహేనేళ్ళ పిల్లలు మట్టి కరిపించారు.

నవ్వు తగ్గాక మరో సంగతి తోచింది. అంటే ఇందులో ఒకటి కూతురిది కూడా అయ్యుంటుంది. ఏది? ఆవిడ చీటీలన్నీ మళ్ళీ ఒక్కొక్కటే చదివింది. నీళ్ళు ఎన్ని గ్లాసులు తాగాలని ఒకరు అడిగారు. ఆగుదాం అంటున్నారు కదా, ఎప్పటిదాకానో తేదీ చెప్పగలరా అని ఇంకొకరు. నాకు ఎవరి మీదా ఏమీ అనిపించడం లేదు, అనిపిస్తున్నట్టు అబద్ధం చెప్పి నెట్టుకొస్తున్నాను, ఇది జబ్బా అని మరొకరు. చివర్న ఒకటి అన్నిటికన్నా చిన్నది. ఒకరు నన్ను ఫోటో పంపమంటున్నారు, మామూలు ఫోటో కాదు, పంపకపోతే నా గురించి అందరికీ చెడ్డగా చెప్తారట, వద్దనడం చేతకావడం లేదు, రెండు వారాలుగా నిద్ర లేదు.

టీచరు ఆ చీటీ మళ్ళీ చదివింది. రెండు వారాలుగా కూతురి గది తలుపు దగ్గరికేసి ఉంటోంది. రెండు వారాలుగా అన్నీ బాగానే ఉంటున్నాయి. ఆవిడ లేచి దీపం కింద పెట్టి చూసింది, సిరా చూసింది, కాగితం వెనక పడ్డ ఒత్తు తడిమి చూసింది. ఏ చీటీ అయినా ఒకటే సిరా, ఒకటే ఒత్తు. జన్మలో మొదటిసారి దస్తూరి ఆవిడకు ఏమీ చెప్పలేదు. ఇది దానిదేనా అత్తయ్యా, ఒక్కసారి మీరు చూసి చెప్పండి అని బతిమాలింది.

"ఏదయితే ఏం. నాలుగు వేలమందిని ఈ చేతుల్లో పట్టుకున్నాను. ఎవరి బిడ్డో కనుక్కుని పట్టుకున్నానా? జారేదాన్ని ముందు పట్టుకోవాలి, పేరు తరవాత రాసుకోవచ్చు."

అయినా తల్లి మనసు ఊరుకోదు కదా. రాత్రి భోజనాల దగ్గర చాప కింద నీరులా మొదలుపెట్టి, ఈ మధ్య స్కూల్లో ఎవరైనా ఎవరినైనా ఇబ్బంది పెడుతున్నారా అని అడిగింది. కూతురు ముద్ద కలుపుతూ అమ్మ వంక చూసింది. పెట్టెలో ఏది ఎవరిదో అడగకూడదని నువ్వే చెప్పావు కదమ్మా అంది. అది నిజమే కాబట్టి టీచరు మింగలేక కక్కలేక పళ్ళెంలోకి చూసుకుంది. అత్తగారు మాత్రం మనవరాలికి ఇంకో గరిటె కూర వేసింది. ముప్పై మందికి పైగా తమ గుట్టు తెచ్చి ఈ పిల్ల చెవిలో వేశారు, ఒక్క మాటైనా బయటికి పొక్కనివ్వలేదు. తన కూతుర్ని చూసి టీచరుకు గర్వంగా అనిపించింది. అంతకన్నా ఎక్కువగా, ఆ ముప్పై మందిని చూసి అసూయ పుట్టింది.

ఆదివారమంతా ఆవిడ వంటింట్లో ఎనిమిదో పాఠం సాధన చేసింది. అత్తగారు ఎదురుగా పీట వేసుకుని కూర్చుని ఒక్కో మాటా పైకి పలికించింది. గొంతు పీలగా మారితే మళ్ళీ మొదటి నుంచి అనమనేది. గర్భాశయం అనడానికి అంత భయమెందుకు, నువ్వు తొమ్మిది నెలలు నివాసమున్న ఇల్లే కదా అని దెప్పేది. భర్త ఆ ఒక్క రోజే మూడుసార్లు పాల ప్యాకెట్టు కోసం బజారుకు వెళ్ళొచ్చాడు. సాయంత్రానికి టీచరు ఆ మాటలన్నీ కూరగాయల పేర్లు చెప్పినంత తేలిగ్గా అనగలిగింది. ఫ్రిజ్‌లో పాలు మాత్రం ఎక్కువైపోయాయి.

సోమవారం పెద్ద మేడమ్‌కు బుద్ధిగా మూడు చీటీలు ఇచ్చింది. తక్కినవి చించేశావా అంటే తలూపింది. నిజానికి ఆవిడ చించింది ప్రతిజ్ఞ కార్డుల నమూనా కాగితాన్ని. ముప్పై నాలుగు చీటీలూ ఎనిమిదో పాఠం పేజీల మధ్య భద్రంగా ఉన్నాయి.

కార్యక్రమంలో ఆఖరి పీరియడు రోజు పొద్దున ఆఫీసరు ఒక ఫైలు పట్టుకుని వెనక బెంచీలో కూర్చున్నాడు, పక్కన పెద్ద మేడమ్. టీచరు ముందు మూడు ప్రశ్నలూ పుస్తకంలో ఉన్నట్టే చెప్పేసింది. నీళ్ళు రోజుకు ఎనిమిది గ్లాసులు చాలు అనేసరికి క్లాసులో సకిలింపులు వినబడ్డాయి. ఇంకా ముప్పై నిమిషాలున్నాయి. ఆవిడ ఆకుపచ్చ పుస్తకం మూసి, జీవశాస్త్రం పుస్తకం తెరిచింది. నాలుగో చీటీ చేతిలోకి తీసుకుంది. గొంతు పోబోయింది. మూడో బెంచీ వంక చూస్తే కూతురు తలొంచుకుని ఉంది, చెవులు ఎర్రగా ఉన్నాయి. ఆవిడ ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చి, ముద్దు వల్ల కడుపు రాదు, ఎలా వస్తుందో ఇప్పుడు చెప్తాను అని బొమ్మ గీయడం మొదలుపెట్టింది.

వెనక నుంచి పెద్ద మేడమ్ దగ్గింది. టీచరు ఆగలేదు. ఇంకాస్త గట్టిగా దగ్గింది. టీచరు సంచిలోంచి గొంతు మాత్రల పొట్లం తీసి, మేడమ్‌కు ఇవ్వమని మొదటి బెంచీకి అందించింది. అది బెంచీ తరవాత బెంచీ చేతులు మారుకుంటూ వెనక్కి వెళ్ళింది. ఆ తరవాత పెద్ద మేడమ్ దగ్గలేదు, నోట్లో మాత్ర ఉంది.

ముప్పై నాలుగింటికీ ఆవిడ జవాబు చెప్పింది. కొన్నింటికి ఒక్క ముక్కలో, కొన్నింటికి బోర్డు నిండా. గొంతు నిలబడడానికి కొందరికి ఏడాది పడుతుంది, అందాకా ఎవరైనా నవ్వితే వాళ్ళ గొంతు సంగతి మేడమ్‌కు తెలుసని చెప్పండి అంది. నెలసరి పదహారో ఏట మొదలైనవాళ్ళూ ఉన్నారు, అప్పటికీ రాకపోతే నాతో రా, డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం వెళ్దాం అంది. ఎవరి మీదా ఏమీ అనిపించకపోవడం జబ్బు కాదు, అబద్ధం చెప్పాల్సి రావడమే బాధ అంది. తేదీ అడిగినవాళ్ళకు, తేదీ నేను చెప్పలేను, కానీ తొందరపెట్టేవాళ్ళు ఎవరైనా సరే వాళ్ళు చెప్పే తేదీ మాత్రం కాదు అంది. ఎవరికి జవాబు చెబుతున్నా ఆవిడ కూతురి వంక చూడకుండా ఉండడానికి నానా అవస్థ పడింది, ప్రతి జవాబూ కూతురికే చెప్పింది.

చివరికి ఆ చిన్న చీటీ వచ్చింది. టీచరు దాన్ని పైకి చదివింది. గుమ్మడికాయల దొంగను వెతుకుతున్నట్టు పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకోబోతే, నా వంకే చూడండి అని గట్టిగా అంది.

"పుస్తకం వద్దనమంటుంది, ఎలా అనాలో చెప్పదు. వద్దనడం కూడా ఒక పాఠమే, ఇన్నాళ్ళూ మీకు ఎవరూ నేర్పలేదు, నేనూ నేర్పలేదు. అడిగినవాళ్ళది తప్పు, నీది కాదు. పంపకపోతే మంచిది. పంపేసినా సరే, నా దగ్గరికి రా. ఎందుకు పంపావని అడగను. ముందు దాన్ని ఆపుతాను."

తరవాత అందరినీ లేపి, పక్కవాళ్ళ కళ్ళలోకి చూసి, నవ్వకుండా, క్షమాపణ చెప్పకుండా, కారణాలు వెతక్కుండా వద్దు అనమంది. మొదట అందరూ నవ్వారు. రెండోసారి సగంమంది నవ్వారు. నాలుగోసారి గది అదిరిపోయింది. పక్క గదిలోంచి లెక్కల మాస్టారు, ఏం వద్దంటున్నారని పరుగెత్తుకొచ్చాడు. ఆఫీసరు ప్రతిజ్ఞ కార్డులు నలభై ఒకటీ లెక్కపెట్టుకుని రబ్బరు బ్యాండు వేసుకుని, లక్ష్యం నూటికి నూరు శాతం అని ఫైల్లో రాసుకుని, టీ తాగి వెళ్ళిపోయాడు. చెప్పినదంతా పుస్తకంలో ఏ పేజీలో ఉందో రాతపూర్వకంగా చెప్పమని పెద్ద మేడమ్ అడిగింది. జీవశాస్త్రం, ఎనిమిదో పాఠం, నూట పన్నెండో పేజీ మొదలు అని టీచరు రాసిచ్చింది. అది పై ఆఫీసు అచ్చు వేయించిన పుస్తకమే కాబట్టి పెద్ద మేడమ్ కాగితం మడిచి సొరుగులో పెట్టుకుంది.

మధ్యాహ్నం ల్యాబు తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు. కూతురేమో అనుకుంది టీచరు. తలెత్తి చూస్తే ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్. క్లాసులో అందరికన్నా పొడుగు, అందరికన్నా గట్టిగా నవ్వేది వాడే, గుర్రం వయసు అడిగింది కూడా వాడే. లోపలికొచ్చి తలుపు వేసి, మేడమ్, ఆ చిన్న చీటీ నాది అన్నాడు. అని ఏడ్చేశాడు. వాడిదని వినగానే, కూతురిది కాదన్న సంతోషంతో ఆవిడ ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం ఎదురుగా ఏడుస్తున్న పిల్లాణ్ణి చూసి తన సంతోషానికి తనే సిగ్గుపడింది. స్టూలు జరిపి కూర్చోబెట్టింది. వాడు ఫోటో ఏదీ పంపలేదు, బెదిరింపులు మాత్రం ఫోన్లో అలాగే ఉన్నాయి. ఆ సాయంత్రమే వాళ్ళమ్మను పిలిపించి, ముగ్గురూ కూర్చుని ఫిర్యాదు రాశారు. వాళ్ళమ్మ కొడుకును ఒక్క మాట కూడా అనలేదు, ఫిర్యాదు అయ్యేదాకా వాడి వీపు మీద చెయ్యి వేసే ఉంచింది.

ఆలస్యమైనా కూతురు గేటు దగ్గర అమ్మ కోసం ఆగింది. ఇద్దరూ నడక మొదలుపెట్టారు. చెప్పుల దుకాణం దాటారు. ఆ తరవాత కూతురే, నాదేదో కనిపెట్టావా అని అడిగింది. లేదు, ముప్పై ఏడుసార్లు వెతికాను అని తల్లి ఒప్పుకుంది.

"నాది అందులో లేదమ్మా. వాళ్ళవి వాళ్ళ మాటల్లోనే రాశాను. నాది నా మాటల్లో రాస్తే నువ్వు పట్టేస్తావు."

తల్లి కూతురి చెయ్యి పట్టుకుందామనుకుంది, పట్టుకుంటే విదిలించుకుంటుందేమోనని భయపడింది, అయినా పట్టుకుంది. కూతురు విదిలించుకోలేదు. పది అడుగులు వేశాక, రోడ్డు వంక చూస్తూ, ఇప్పుడు అడగనా అంది. అడుగు అంది తల్లి.

"నాకు ఒకడంటే ఇష్టం. వాడికి తెలీదు. చెప్పాలని లేదు, చెప్పకుండా ఉండాలనీ లేదు. వాణ్ణి చూస్తే నవ్వొస్తుంది, ఇంటికొస్తే ఏడుపొస్తుంది. ఇది ఎన్నాళ్ళుంటుంది?"

ఎవడు అన్న మాట టీచరు నాలుక చివరిదాకా వచ్చింది. కళ్ళ ముందు హాజరు పట్టీ తెరుచుకుంది. ఇరవై ఇద్దరు మగపిల్లలు. ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టి, వీడా, వీడు కాదు, వీడి మార్కులు చూస్తే వీడు కాకూడదు అనుకుంటూ తొమ్మిదో నంబరు దాకా వచ్చేసింది. అక్కడ తనను తాను పట్టుకుని ఆపుకుంది. ఎనిమిది పీరియడ్లు పిల్లలకు నిగ్రహం చెప్పింది కానీ, అదెంత కష్టమో ఆవిడకు ఆ క్షణం దాకా తెలియదు.

"ఎన్నాళ్ళుంటుందో నాకూ తెలీదే. నాకు నీ వయసులో ఏడాదిన్నర ఉంది."

కూతురు ఠక్కున ఆగి అమ్మ మొహం చూసింది. నీకా అంది. నాకే అంది తల్లి. కాసేపు నడిచాక కూతురు ఓరగా చూస్తూ, నావాడెవరని అడగవా అంది. అడగను అంది. అడగాలని ఉందా అంది.

"చచ్చేంత ఉంది."

కూతురు ఫక్కున నవ్వింది. నవ్వుతూనే చెప్పడం మొదలుపెట్టింది. పేరు తప్ప అన్నీ చెప్పింది. వాడు ఎలా నడుస్తాడో, ఏ రోజు పెన్సిలు అడిగాడో, ఆ పెన్సిలు తిరిగివ్వకపోతే తను ఎన్ని రోజులు సంతోషించిందో చెప్పింది. సగం కూడా కాకముందే ఇల్లు వచ్చేసింది. అరుగు మీద అత్తగారు, గేటు పక్కన భర్త కనబడ్డారు. గేటు తీస్తే ఈ మాట ఇక్కడితో ఆగిపోతుందని టీచరుకు తెలుసు. ఆవిడ గేటు వంక చూడనట్టే, కూతురి చెయ్యి పట్టుకుని ఇంటి ముందు నుంచి ముందుకు నడిచింది.